కిమ్చీ వాసన పడని కోడలు

నవంబర్ 23, శనివారం. జొంజు బస్సులో

అబద్ధమాడింది మా ఆయన థేసొక్. పక్కన కూర్చుని నోరు మూసుకున్నది నేను.

ఈరోజు అత్తయ్య ఇంట్లో చలికాలమంతటికీ సరిపడా కిమ్చీ పచ్చడి పెడుతున్నారు. తోడికోడళ్ళంతా నడుములు విరిగేలా క్యాబేజీలకు కారం పట్టిస్తుంటారు. మా ఇద్దరికీ కలిపి సెలవు దొరకడం ఎన్నాళ్ళకో, జొంజు చూసొద్దామనుకున్నాం. అందుకే థేసొక్ ఫోన్ చేసి, దానికి ఒంట్లో బాగోలేదమ్మా, కిమ్చీ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేస్తోంది అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగిందట అత్తయ్య. తర్వాత, అయ్యో రావద్దు, పడుకోబెట్టు అందట. భలే సాకు దొరికిందని నవ్వుకున్నాం.

అదే రోజు, సాయంత్రం

పాతకాలపు హాన్‌బోక్ బట్టలు అద్దెకు తీసుకుని వేసుకున్నాం. థేసొక్ టోపీ గాలికి ఎగిరిపోతే పావడా ఎత్తి పట్టుకుని దాని వెంట పరిగెత్తాను. ఇత్తడి గిన్నెల్లో బిబింబాప్, కూరలన్నీ కలిపిన అన్నం, తిన్నాం. కిమ్చీ రెండుసార్లు అడిగి మరీ వేయించుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

పాత గుడి గోడ దగ్గర సెల్ఫీ దిగుతుంటే అత్తయ్య ఫోన్. నా దగ్గర దాచకు పిల్లా, నాకు కల వచ్చిందిలే అంది. గుమ్మడికాయ దొర్లుకుంటూ వచ్చి ఒళ్ళో కూర్చుందట. ఇంట్లో బిడ్డ పుట్టబోతోందంటే ఎవరో ఒకరికి అలాంటి కల రావాల్సిందే. పెళ్ళయి ఆరేళ్ళు. విశేషమేమైనా ఉందా అని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. ఇవాళ ఫోన్‌లో ఏడ్చింది. వెనక నుంచి పెద్ద తోడికోడలు, చాకిరీ మాకు, మంచం నీకా మహారాణీ అని కేకేసింది.

అవుననలేదు. కాదనీ అనలేదు. థ్యాంక్స్ అత్తయ్యా అన్నాను.

నవంబర్ 26

పార్సిల్ వచ్చింది. తెల్ల కిమ్చీ. కారం లేదు, వెల్లుల్లి లేదు, ఉప్పులో ఊరిన రొయ్యలు లేవు. వాసన రాకూడదని నా ఒక్కదానికే విడిగా చేసిందట. అందరూ పడుకోబోతుంటే ఒక్కతే కూర్చుని చేసిందట. థేసొక్ ముక్క నోట్లో వేసుకుని, డబ్బా మూత బిగించి ఫ్రిజ్‌లో వెనక్కి తోసేశాడు.

నవంబర్ 27

ఫోన్ తీశాను. పెట్టేశాను.

నవంబర్ 30, శనివారం

ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళి నిజం చెప్పేశాను. అత్తయ్య తిట్టి ఉంటే బాగుండేది. జొంజులో అన్నం బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. బస్సు దాకా వచ్చి, ఇంకెవరికీ చెప్పకు, తోడికోడళ్ళ నోళ్ళలో పడతావు, నేను చూసుకుంటాలే అంది. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

డిసెంబర్ 2

పెద్ద తోడికోడలు సముద్రపు నాచు పులుసు తెచ్చింది. కడుపు పోయినవాళ్ళకు పట్టే పులుసు. నిలవలేదని అత్తయ్యే చెప్పిందట. చెబుతూ చెబుతూ నేల మీద కూలబడి ఏడ్చిందట.

అక్క గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుంది, వేడి చల్లారకముందే తాగమ్మా అని.

తాగాను.