ఊదుబత్తి పొగ వంగిన చోట

నాయనా,

నువ్వు పోయి నేటికి సంవత్సరం. మన కోయిలకుంట్ల మెకానిక్ షెడ్డు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. పొద్దున షెడ్డులో నీ ఫోటో ముందు పొడవాటి ఊదుబత్తి వెలిగించానో లేదో, సుబ్బయ్య మాస్టారు తన పాత కారుతో వచ్చాడు. ఇంజను ఊరికే ఆన్‌లో ఉంటే వణుకుతోంది, రేసు ఇస్తే సర్దుకుంటోంది.

"నీతోనూ కాకుంటే ఈ పొద్దే తుక్కుకేస్తానమ్మా. మీ నాయనైతే చెవితోనే కనిపెట్టేస్తాండె," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ కోపంలో కార్బురేటరు విప్పి గంటసేపు కడిగి, మళ్లీ బిగించాను. వణుకు తగ్గలేదు.

అప్పుడు నీ పద్ధతి గుర్తొచ్చింది. నిప్పుతో ఆటలా అని అమ్మ నిన్ను ఎంత తిట్టేదో! పెట్రోలు తడి లేకుండా తుడిచి, ఆరనిచ్చి, ఇంజను స్టార్ట్ చేసి, నీ ఫోటో ముందున్న ఊదుబత్తిని తెచ్చి ఇంజను గాలి పీల్చే రబ్బరు పైపుల వెంట నెమ్మదిగా తిప్పాను. నిటారుగా లేస్తున్న పొగ ఒకచోట వంగి, వెంట్రుకంత పగుల్లోకి దూరిపోయింది. అక్కడ బొటనవేలితో అదిమాను. ఇంజను టక్కున కుదురుకుంది!

"శానా బాగుండాది! ఆయప్ప బిడ్డవే నువ్వు," అని మాస్టారు చప్పట్లు కొట్టాడు.

పైపు మారుస్తుంటే అమ్మ టీ తెచ్చింది.

"ఫోటో కాడ ఊదుబత్తి యాడమ్మా?" అని అడిగింది.

సగం కాలినది చూపించాను. తిడుతుందనుకున్నా.

"మీ నాయన ఫోటోలో యాడ కూర్చుంటాడులే," అంటూ దాన్ని తీసుకుని, నీ స్పానర్ల పెట్టె సందులో గుచ్చింది.