నీళ్లు విడిపోయే చోటు

అక్కకు, తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నీ మరదలూ, పిల్లలూ కులాసాగానే ఉన్నాం. మీరూ క్షేమమేనని రాశావు. బావ నడుంనొప్పి సంగతి ఆ కింద వాక్యంలోనే రాశావు కాబట్టి సగమే నమ్మాను.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. నా దగ్గు తగ్గింది. ఆ మందు చేదుకు భయపడి పారిపోయినట్టుంది. చిట్టిని ఇక్కడి బడిలో చేర్చుకోవడానికి హెడ్మాస్టరు ఒప్పుకున్నారు. వచ్చే ఏడు చూద్దాంలే అనకు, ఈ వారంలోనే పంపించు. మేనకోడలికి నా ఇంట్లో చోటు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది? ఇంటికి కొత్త రేకులు వేయించమంటావా అని అడిగావు చూడు, దానికి మాత్రం జవాబు రాయలేక నాలుగు రోజులుగా కలం పట్టుకోవడం, పక్కన పెట్టడం ఇదే పని.

మీ వాకిట్లో ఎర్ర గుర్తులు ఎందుకు పెట్టారు, రోడ్డు వస్తోందా అని బావ అడగమన్నాడట. రోడ్డు కాదక్కా. రోడ్డే అయితే నేనే స్వీటు పొట్లం పట్టుకుని వచ్చేవాణ్ని.

నీకు తెలిసిన కథే అయినా మొదటినుంచీ చెబుతాను. మన తాత కాలంలో యుద్ధం ఆగాక రెండు దేశాల పెద్దలూ వెచ్చటి గదిలో కూర్చుని ఒక వాక్యం రాసుకున్నారు. కొండ మీద నీళ్లు ఎక్కడ రెండుగా విడిపోతే అదే సరిహద్దు. ఇటు పారే నేల మనది, అటు పారే నేల వాళ్లది. పైన అంత మంచు ఉండగా ఆ చోటు ఎక్కడికి పోతుందిలే అని వాళ్ల ధీమా. నాయనమ్మ కూడా అనేది కదా, "రాజులు మారితే నాణెం మీద బొమ్మ మారుతుంది, మన గొర్రెలు మారతాయా?" అని. నేను సర్వే ఉద్యోగంలో చేరినప్పుడు మీ ఇంటి పైన మంచు లోతు కొలవడానికి నలభై అడుగుల ఊచ దింపేవాళ్లం. పోయిన ఏడు దింపడానికి మంచే లేదు. ఉత్త బండ మీద ఊచ పట్టుకుని పిచ్చివాళ్లలా నిలబడ్డాం.

మంచు పోయింది కాబట్టి నీళ్లు విడిపోయే చోటు మళ్లీ వెతకాలన్నారు. యంత్రాలు ఎన్ని లెక్కలు చెప్పినా అనుమానం మిగిలితే మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఇటువాళ్ల ఎదుట, అటువాళ్ల ఎదుట బకెట్టు నీళ్లలో ఎర్రరంగు కలిపి పోస్తాం. ఎటు పారితే అటు. చూసినవాళ్లంతా అక్కడే సంతకాలు పెడతారు. పోయిన నెల నువ్వు సంతకు వెళ్లిన రోజున మీ ఇంటి పైన చదును నేల మీద ఆ బకెట్టు పోసింది నేనే. అది దేనికో తెలియని బావ అందరికీ పాలు కాచి ఇచ్చి, "మా బావమరిది సర్కారు ఖర్చుతో మా పెరడు తడుపుతున్నాడండీ" అని వేళాకోళమాడాడు. అవతలి దేశం వాళ్లు కూడా నవ్వారు.

ఎర్రనీళ్లు నాలుగు బారలు సాగి, దొడ్డి పక్క కాలవలోకి దిగి, ఇంటిని చుట్టుకుని అవతలి లోయలోకి పోయాయి. ఇల్లూ, దొడ్డీ, పైన మేత నేలా అన్నీ అవతలివే అని రాసుకున్నారు. మీ వాకిట్లో పెట్టిన ఆ ఎర్ర గుర్తుల దగ్గర ఇరవయ్యో తేదీన సరిహద్దు రాళ్లు పాతుతారు. మీ గడప అవతల, వాకిలి ఇవతల.

ఇంతవరకూ అయితే ఖర్మ అనుకుందుము. ఇక రాయబోయేది నా నోటితో చెప్పలేకే ఉత్తరం రాస్తున్నాను. ఆ కాలవ దేవుడు తవ్వింది కాదక్కా. పన్నెండేళ్ల కిందట దొడ్డిలో మోకాలిలోతు నీళ్లు నిలిచిన ఏడు గుర్తుందా? బావ కాలవను ఇటు పల్లానికే తవ్వబోయాడు. నేనే ఆపాను. "ఇటు బండ తగులుతుంది, వారం పట్టేస్తుంది. అటంతా మట్టి, ఒక్క పూట పని. అటు తిప్పెయ్ బావా, మనదేం పోయింది?" అన్నాను. అప్పటికి నేను సర్వే ఆఫీసులో చేరి మూడు నెలలు. ఆ ఒప్పందం బట్టీ పట్టి పరీక్ష పాసయిన మొనగాణ్ని. అయినా బుర్రకు తట్టలేదు. ఇన్నేళ్ల నీళ్లు కోసి కోసి అది ఇప్పుడు నడుంలోతు వాగైంది. పారతో తవ్విందంటే ఎవరూ నమ్మరు.

మా పెద్దసారు గదిలోకి వెళ్లి, "సార్, ఆ కాలవ ఎవరో చేత్తో తవ్వినట్టుందండీ" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశారు. "నీకెలా తెలుసు?"

సరిహద్దు నీళ్లు మళ్లించినవాళ్లకు ఏడేళ్ల జైలని కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. "ఊరికే, అనుమానం వచ్చి అన్నాను సార్" అని బయటికి వచ్చేశాను. చెబితే బావా నేనూ లోపలికి, చెప్పకపోతే మీ ఇల్లు అవతలికి. కక్కలేను, మింగలేను. పోనీ జైలుకైనా పోదామంటే ఆ గీత వెనక్కి జరుగుతుందన్న నమ్మకమూ లేదు. మీ కొండకు బదులు ఇంకోచోట మనకు కనుమ దక్కుతోందట. పైవాళ్లంతా సంతోషంగా ఉన్నారు.

ఇంటిని పట్టుకుని ఉంటే మీరు వాళ్ల మనుషులవుతారు. ఇవతలికి వచ్చేస్తే గొర్రెలకు మేత నేల ఉండదు. గొర్రెలు లేకుండా బావ నాలుగు రోజులు కూడా బతకలేడని నాకు తెలుసు. రేకులు వేయించమని రాయలేను, వద్దనీ రాయలేను. నన్ను తిట్టు. బావతో కూడా తిట్టించు. ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా పాలవ్యాను డ్రైవరు చేతికి ఇస్తున్నాను, చదివి పొయ్యిలో పడెయ్.

ఇంకొక్కటి ఉంది. అది దాచి పంపితే నిద్ర పట్టదు. ఆఫీసులో ఏటా ఒక కాగితం నింపాలి. అందులో "అవతలి దేశంలో రక్తసంబంధీకులు ఉన్నారా?" అని ఒక గడి ఉంటుంది. ఉన్నారంటే సరిహద్దు పనిలోంచి తీసేస్తారు. ఇన్నేళ్లూ చదవకుండానే నింపేవాణ్ని. నిన్న మధ్యాహ్నం దాకా ఆ గడి ముందు కూర్చున్నాను. గుమాస్తా విసుక్కుని, "ఏంటండీ, మీకెవరున్నారు అక్కడ? లేరని రాసి ఇచ్చెయ్యండి, నేను బస్సుకు పోవాలి" అన్నాడు.

రాశానక్కా. నాకు అక్క లేదని రాసి సంతకం పెట్టాను.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క తమ్ముడు