ద్వారబంధం మీది గీతలు

లోవెల్,

సెప్టెంబరులో మళ్లీ మా మోంటానా వైపు వస్తున్నానని, కెమెరా సంచిలో ఒక్క లెన్సుకే చోటుందని, వైడ్ యాంగిల్ తేవాలా మాక్రో తేవాలా అని అడిగావు. వైడ్ యాంగిల్‌కి ఇప్పుడు అడ్డేమీ లేదు. జూలైలో వచ్చిన కార్చిచ్చుకి మా ఇల్లు కాలిపోయింది. మిగిలిన మెట్ల మీద నిలబడితే నది దాకా కనిపిస్తోంది.

కిందటిసారి నువ్వు మా గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని, ద్వారబంధం మీద వాలిన రెక్కల పురుగుని గంటసేపు మాక్రోతో బాగా దగ్గర్నుంచి ఫొటో తీశావు.

"ఏమయ్యా, అంత కొండని వదిలేసి పురుగు వెంట పడ్డావే!" అని వేళాకోళం చేశాను.

"కొండెక్కడికి పోతుందండీ, పురుగైతే ఎగిరిపోతుంది" అన్నావు.

పక్కనున్న పెన్సిల్ గీతలు అడ్డొస్తున్నాయి, తుడిచేయనా అని అడిగితే మాత్రం నీ మీద కేకలేశాను. ఎందుకో చెప్పలేదు. అవి మా అమ్మాయి కోరిన్ ఎత్తు కొలిచిన గీతలు. తొమ్మిదో ఏటి గీత పైన ఇంకొకటి లేదు.

లెన్సు నీ ఇష్టం. ఆ పురుగు ఫొటో ఉంటే మాత్రం అంచులు కత్తిరించకుండా తీసుకురా. నేల నుంచి ఆ గీత ఎంత ఎత్తో అందులో తెలియదని నాకూ తెలుసు. తల నిమిరిన చేతికి అది గుర్తే.

ఇట్లు,
కోరిన్ వాళ్లమ్మ