ఇంటిల్లిపాదీ మేనేజర్లే

హాల్వర్ కౌంటీ, మార్చి 4

పళ్ళ డాక్టరయ్యాక పల్లెటూరు మర్చిపోయిన మా అన్నగారి అమ్మాయి మారిట్‌కి,

మేం క్షేమం. గోధుమ ధరే క్షేమంగా లేదు. ఇందులో పెట్టిన ఫారం మీద సంతకం పెట్టి పంపు. పంట సబ్సిడీ మనిషికి ఇంతకు మించి ఇవ్వబోమని ప్రభుత్వం హద్దు పెట్టింది కదా, అందుకని మేం మనుషుల్ని పెంచుతున్నాం. పొలానికి మేనేజరని పేరు రాయించుకున్న ప్రతి మనిషికీ ఒక వాటా వస్తుంది. మేనేజరంటే పొలంలోకి దిగక్కర్లేదు, ఎక్కడున్నా సలహా ఇస్తే చాలు. మీ పిన్ని మేనేజరు, మా అల్లుడు మేనేజరు, తొంభై ఒక్కేళ్ళ మా అత్తగారూ మేనేజరే. నీ వాటా రాగానే నాకు పంపు. అది లేకపోతే కోతలయ్యేసరికి ఏటి పక్క నలభై ఎకరాలూ బ్యాంకు పట్టుకుపోతుంది.

నీ బాబాయి,
ఆర్విడ్

తా.క.: నువ్వేమీ చెయ్యక్కర్లేదు. ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకో.

మినియాపొలిస్, మార్చి 20

బాబాయికి నమస్కారం.

సంతకం పెట్టాను. ఫారం చివరిదాకా చదివాను కూడా. మన వంశంలో ఆ పని చేసింది నేనొక్కదాన్నే అనుకుంటాను. మేనేజరు నిర్ణయాలు తీసుకోవాలని అందులో ఉంది. ఊరికే డబ్బు తీసుకుంటే నాకు నిద్ర పట్టదు. అందుకని శుక్రవారాలు క్లినిక్ మూసేసి వ్యవసాయం చదువుతున్నాను. మొదటి నిర్ణయం: గోధుమ సరే, పంచదార తీసే ఆ చక్కెర దుంప మానెయ్యండి. వారమంతా ఆ పంచదార తొలిచిన పళ్ళకే సిమెంటు పెడుతున్నాను. పంట వేయించేదీ నేనే, పళ్ళు పూడ్చేదీ నేనే అంటే బాగుండదు.

మీ మారిట్

తా.క.: పరీక్షకి పొలం మట్టి ఒక డబ్బాలో పంపండి. మీ పళ్ళ ఎక్స్‌రే కూడా పంపండి, ఎలాగూ చూస్తున్నాను కదా.

హాల్వర్ కౌంటీ, మే 10

అమ్మా మేనేజరూ,

సలహా ఇమ్మని మీకు చెప్పారు గానీ, వినమని మాకెవరూ చెప్పలేదు. మా అత్తగారు నిరుడంతా కలిపి ఒక్క సలహా ఇచ్చింది: "ఆ కిటికీ మూసెయ్యండ్రా, చలేస్తోంది." ధాన్యం నిల్వ గురించి సూచన అని రాసి పంపాం. ఆఫీసువాళ్ళు ముద్ర వేసి డబ్బిచ్చారు. మేనేజరంటే అలా ఉండాలి. దుంప విత్తనం నేలలో పడిపోయింది. నువ్వు నీ పళ్ళ పని చూసుకో.

ఆర్విడ్

తా.క.: ధాన్యం గిడ్డంగి దగ్గర కాఫీ తాగేవాళ్ళకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఒకాయనకి కాఫీ ముక్కులోంచి వచ్చింది.

మినియాపొలిస్, జూన్ 2

బాబాయికి,

మేనేజరు మాట వినకపోతే తెలియజేయమని ఫారం తొమ్మిదో పేజీలో ఉంది. తెలియజేశాను. మన ఉత్తరాల నకళ్ళన్నీ కౌంటీ ఆఫీసుకి పంపాను.

మీ మారిట్

తా.క.: బామ్మగారి కిటికీ సూచన కింద ఎర్ర గీత గీశాను. మిగతా రైతులకీ పనికొస్తుందని.

హాల్వర్ కౌంటీ, జూలై 15

మారిట్,

కొంప ముంచావు. తనిఖీకి మనిషొచ్చాడు. "పొలంలో ఏం వేశారమ్మా" అని మా అత్తగారిని అడిగితే "ఎవరి పొలం" అంది. అల్లుడు ఫోనెత్తలేదు. ఏటి పక్క చేను మీ తాత రాళ్ళేరి బాగుచేసింది. నా చేతిలో పోతుందేమోనని రోజూ వెళ్ళి ఆ గట్టు మీద కూర్చుంటున్నాను. ఆ ఉత్తరాలు వేళాకోళానికి రాసుకున్నామని ఒక్క ముక్క రాసి పంపు తల్లీ.

బాబాయి

తా.క.: మట్టి పంపుతున్నాను. రెండు డబ్బాలు.

మినియాపొలిస్, అక్టోబరు 30

బాబాయికి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. కానీ అబద్ధం రాయలేకపోయాను. ఆఫీసు నిర్ణయం వచ్చింది. పిన్ని, మీ అల్లుడు, బామ్మగారు, ముగ్గురి సబ్సిడీ రద్దయింది. మీదీ రద్దయింది. మీరు మేనేజరు మాట కాదనడం తప్ప సొంతంగా ఏదైనా నిర్ణయించినట్టు కాగితం మీద ఎక్కడా లేదట. కౌంటీ మొత్తంలో నిజంగా సలహా ఇచ్చిన మేనేజర్ని నన్నొక్కదాన్నే చూశానని ఆ తనిఖీ అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. నా వాటా పూర్తిగా వచ్చింది. దాంతో బ్యాంకు బాకీ తీర్చి, వాళ్ళు జప్తు చేసిన ఏటి పక్క నలభై ఎకరాలూ వాళ్ళ దగ్గర్నించే నా పేరున రాయించుకున్నాను. బెంగపడకండి, తాత చేను మనింట్లోనే ఉంది.

అయితే వచ్చే ఏడాదికి నా ఒక్కదాని సబ్సిడీ చాలదు. ఇందులో పెట్టిన ఫారం మీద సంతకం పెట్టి పంపండి.

మీ మారిట్

తా.క.: మీరిప్పుడు నా మేనేజరు. అప్పుడప్పుడు సలహాలివ్వండి. విని తీరాలని నాకూ రూలేమీ లేదు.