నాటు గులాబీ కొమ్మపై తనిఖీ నివేదిక

విజయా,

నువ్వు వెళ్ళి పదకొండు నెలలు నిండాయి. ఇక్కడ అందరం కుశలం అని రాయడం ఆనవాయితీ. ఇక్కడ ఉన్నది నేనొక్కణ్ణే కనుక ఆ వాక్యాన్ని విడిచిపెడుతున్నాను.

ముందుగా పద్ధతి. ఏ లేఖ అయినా సరైన మార్గంలోనే పైకి వెళ్ళాలి. మధ్యనున్న అధికారిని దాటి నేరుగా రాయకూడదు. ఇన్నేళ్ళ గుమాస్తా ఉద్యోగంలో ఈ నియమాన్ని నేను ఒక్కసారైనా మీరలేదు. అయితే నీకూ నాకూ మధ్యనున్న అధికారి ఎవరో, ఏ వేళల్లో సీట్లో ఉంటాడో మార్కాపురంలో ఎవరూ చెప్పలేకపోయారు... అందుచేత నేరుగా రాస్తున్నాను. మన్నించాలి.

విషయం: గులాబీ మొక్కలు – సంరక్షణలో వైఫల్యం – నివేదిక సమర్పించుట – గురించి.

సూచిక: ఆసుపత్రి మంచం మీద నుంచి నువ్వు ఇచ్చిన మౌఖిక ఉత్తర్వు. "మిగతావి ఏమన్నా గానీ, అమ్మ గులాబీని మాత్రం సావనీబాక."

నువ్వు అప్పగించిన మొక్కలు మూడు. ఒక్కోదాని మొదట్లో విరిగిన పలక ముక్క గుచ్చి, బలపంతో నువ్వే పేరు రాశావు. ఎర్రది. పసుపుది. అమ్మ. పలకలు మూడూ క్షేమం.

ఎర్రది నర్సరీ బండి మీద కొన్నది. పెద్ద పువ్వున్న మొక్కను నేను చూపిస్తే నువ్వు ఏమన్నావో గుర్తుందా? "పువ్వునేం జూస్తావయ్యా, రేపు రాలిపోయేదాన్ని? కింద అంటు జూడు." నువ్వు పోయిన రెండో నెలలో అంటు కింద నుంచి నిగనిగలాడే కొమ్మలు రెండు లేచాయి. నా చేతి చలవేనని ఆఫీసులో కూడా చెప్పుకున్నాను. కర్రలు పాతి నిలబెట్టాను. అవి వేరు తాలూకు అడవి కొమ్మలనీ, కనిపించగానే తుంచేయాలనీ తెలిసేసరికి పైన కట్టిన అంటు ఎండిపోయింది. అడవిది ఇప్పుడు గోడ దాటింది. ఒక్క పువ్వూ పూయలేదు. నా సంరక్షణలో బతికి బట్టకట్టింది అదొక్కటే.

పసుపుదానికి పేనుబంక పట్టింది, వెనకే ఎర్రనల్లి. నువ్వైతే పొద్దున్నే ఆకు తిరగేసి, సబ్బు నీళ్ళతో వేళ్ళతోనే తుడిచేదానివి. నాకు అంత ఓపిక ఎక్కడిది? వేపనూనె చిక్కగా కలిపి, మే నెల మిట్ట మధ్యాహ్నం కొట్టాను. పురుగులు పోయాయి. ఆకులూ పోయాయి. ఉభయ పక్షాల మధ్య వివాదం అంతటితో పరిష్కారమైంది.

ఇక అమ్మ.

గిద్దలూరులో మీ అమ్మ పెరటి నుంచి కొమ్మగా వచ్చిన నాటు గులాబీ. అంటు లేదు, సొంత వేరు. చిన్న పువ్వు, మధ్యాహ్నానికే రేకులు రాల్చేసినా వాసన వీధి మలుపు దాకా వచ్చేది. దానికి నువ్వు బియ్యం కడిగిన నీళ్ళే పోసేదానివి. కొనుక్కున్న క్యాను నీళ్ళు మొక్కకా అని నేను ఆక్షేపణ తెలిపాను. "ఈ ఊరి బోరు నీళ్ళు మనుషులే తాగలేకుండా ఉండారు, అదేం పాపం జేసింది?" అన్నావు.

నువ్వు పోయాక ఇంట్లో వంట ఆగింది. వంట ఆగితే బియ్యం కడగడమూ ఆగుతుందని నాకు తట్టలేదు... నీళ్ళు శుద్ధి చేసే మిషను ఒకటి బిగించుకున్నాను. అది పక్క గొట్టం నుంచి వదిలే నీళ్ళు వృథా కారాదని బకెట్లో పట్టి, నాలుగు నెలలు శ్రద్ధగా దానికే పోశాను. అంటే, నేను తాగకూడదని తీసేసిన ఉప్పంతా మీ అమ్మ గులాబీకి తాగించాను. ఆకుల అంచులు మాడాయి. మన్ను మీద తెల్లగా పేరుకుంది. అది బూడిద తెగులని నిర్ధారించి మందు కూడా చల్లాను.

మరో కొమ్మ కోసం గిద్దలూరు వెళ్ళాను. మీ తమ్ముడు పెరడంతా సిమెంటు చేయించాడు. "నీళ్ళు పోసే పీడే లేదు బావా, ఒక తూరి చీపురు కొడితే అద్దం మాదిరి!" అని తిప్పి తిప్పి చూపించాడు. బాగుందన్నాను. ఏమనాలి? తిరిగొచ్చి, నువ్వు కొమ్మ ఇచ్చిన మన పక్కింటి ఖైరూన్ పిన్నిని అడిగితే, దాన్ని మేక మేసిందని ఆమే నా ముందు కళ్ళు తుడుచుకుంది.

కనుక ప్రస్తుతం ఉన్నది మన మొక్కలో మిగిలిన జానెడు కొమ్మ ఒక్కటే. ఆకు లేదు.

"గోరుతో ఇంత గీకి జూడు. లోపల పచ్చగుంటే పానముంది. పానముంటే వదలబాక." ఇది కూడా నీ మాటే. రోజూ ఆఫీసుకు వెళ్ళే ముందు గీకి చూశాను. మొదటి వారం పచ్చ. తర్వాత లేత పచ్చ. తర్వాత ఏ రంగో... నిన్న చూద్దును కదా, గీకడానికి కొమ్మ మీద బెరడే మిగల్లేదు. ఉప్పుతో చావగా మిగిలినదాన్ని నా గోరు చంపింది.

ఆసుపత్రిలోనూ నేను ఇంతే కదా? గంటగంటకూ నీ చెయ్యి పట్టుకుని నాడి చూసేవాణ్ణి. "రోంచేపు నిద్రపోనీయవయ్యా. నువ్వు జూస్తా ఉంటే పోకుండా ఉంటానా ఏంది?" అన్నావు.

పలక ముక్క వెనక, మన్నుకు ఆనుకుని, వేలెడు బెరడు ఇంకా ఉంది. నా కంట పడనందువల్ల మిగిలింది. రేపటి నుంచి పిడికెడు బియ్యం కడుగుతాను. వండేదీ లేనిదీ తర్వాత తేలుతుంది.

పై పరిస్థితులన్నిటినీ కూలంకషంగా పరిశీలించిన మీదట జారీ చేయడమైనది ఏమనగా: సదరు కొమ్మను ఇకపై ఎవరూ, ముఖ్యంగా నేను, గీకి చూడరాదు. గీకి చూడని కొమ్మ బతికి ఉన్నట్టే పరిగణించవలెను. ఈ నిబంధన అంతిమం. దీనిపై అప్పీలు లేదు.