పిల్లి కింద చీటీ

అక్కా,

మీ మరిదిగారు ఆఫీసులో ఇంటర్నెట్ రద్దీ సర్దే పని చేస్తారని నీకు తెలుసుగా. ఇంట్లో అందరం ఒకేసారి మాట్లాడి ఆయన బుర్ర తింటున్నామట. అందుకని ఇంటికీ అదే పద్ధతి పెట్టారు. చెప్పదలచుకున్నది చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. ఆయన వరసగా తీసి చదువుకుని "అందింది" అంటారు. డబ్బా నిండిపోతే కొత్త చీటీలు చెత్తబుట్టలోకే.

అత్తయ్య చీటీలు మాత్రం అన్నిటికన్నా ముందు. "అమ్మవి అత్యవసరం" అంటారు. ఆవిడేమో రోజంతా పక్కింటి పిల్లి మీద చాడీలు రాస్తారు. మొన్న స్నానానికి వెళ్తూ "పొయ్యి మీద పాలున్నాయి, చూడండి" అని నేను వేసిన చీటీ గిన్నె మాడాక ఆయన చేతికొచ్చింది. తాపీగా "అందింది" అన్నారు.

ఇవాళ "మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాను" అని రాసి వేశాను. అది ఇంకా అత్తయ్య పిల్లి చాడీల కిందే ఉంది. పెట్టె పట్టుకుని ఆయన ముందు నుంచే నడిచి వచ్చేశాను, డబ్బాలోంచి తల ఎత్తలేదు.

ఈ ఉత్తరం మీ తలుపు కింద నుంచి నేనే తోస్తున్నాను. నోటితో చెప్పే అలవాటు తప్పింది. చదివాక "అందింది" అని మాత్రం అనకు. తలుపు తియ్యి.

నీ చెల్లి