పదకొండు మెసేజ్‌లకు జవాబు

చిరంజీవి సౌభాగ్యవతి మహేశ్వరికి,

బేతంచెర్ల నుంచి సోమన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మేక, నీ మల్లెచెట్టు క్షేమం. బద్వేలులో నువ్వు, మీ గురమ్మక్క, బావ క్షేమమని తలుస్తాను. నా గురించి రాసిన క్షేమంలో కొంచెం అబద్ధం ఉంది. అది చివర్లో చెప్తాను, కోప్పడకు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని మీ అక్క నవ్వుతుంది. నవ్వనీ. ఫోన్‌లో నువ్వు ఒకటి అడిగితే, జవాబు నా నోటిదాకా వచ్చేలోగా నువ్వు నాలుగు మాటలు దాటిపోతావు. లారీ ఓబుళేశు బండల లోడుతో రేపు బద్వేలు వస్తున్నాడు, అతని చేతికి ఇస్తాను.

నీ పదకొండు వాయిస్ మెసేజ్‌లు అందాయి. ముందు అడిగినవాటికి జవాబు. గ్యాస్ బండ వచ్చింది. మేకకు వేళకు నీళ్లు పెడుతున్నాను. కందిపప్పు డబ్బా నువ్వు చెప్పిన చోటే ఉంది, నేనే సరిగ్గా చూడలేదు. దగ్గుమందు తాగుతున్నానా అని మూడుసార్లు అడిగావు. తాగుతున్నాను.

ఇక అసలు గొడవ. ఫ్యాక్టరీ పని మానేయమన్నావు, కర్నూలు పోయి పెద్ద డాక్టరుకు చూపించుకుందాం రమ్మన్నావు. నేను పలకలేదు. నువ్వు అరిచావు. నేను చొక్కా తగిలించుకుని బయటికి నడిచాను. ఇరవై ఆరేళ్లుగా మన పోట్లాటలన్నీ ఇంతే. ఇద్దరూ అరిస్తే ఇల్లు నిలవదని, నోరు మూసుకోవడమే నీకు చేసే ఉపకారమని అనుకునేవాణ్ణి. ఈసారి నువ్వు సంచి సర్దుకున్నావు. "ఒక్క మాటన్నా అనప్పా. తిట్టన్నా తిట్టు. గోడతో ఎన్నాళ్లని కాపురం చేసేది?" అన్నావు.

నా పని నీకు తెలిసిందే. పాలిష్‌కు పోయే ముందు ప్రతి నాపబండనూ చిన్న సుత్తితో తట్టి వింటాను. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులు. నా చెవి తప్పదని యజమాని అందరికీ చెప్తాడు. మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లన్నీ ఆగాయి. బండల మీద కూర్చుని నీ మెసేజ్‌లు వినడం మొదలుపెట్టాను. ఎదురుగా నువ్వు లేవు, ఇక ఎవరి ముందు నుంచి లేచిపోవాలి?

ఆరో మెసేజ్ దాకా తిట్లే. ఏడోదాంట్లో మాటలే లేవు. నలభై సెకన్లు. ఫోన్ పాడైందేమోనని చెవికి ఆనించుకున్నాను. దూరంగా బస్సు హారను, దగ్గరగా నీ ఊపిరి. ఏదో అనబోయి ఆగావు, మళ్లీ అనబోయి ముక్కు ఎగబీల్చావు. అంతే. మహేశ్వరీ, నువ్వు మాట దొరక్క ఆగిపోవడం నేను ఎన్నడూ వినలేదు. అది నాకొక్కడికే ఉన్న జబ్బనుకున్నాను. నాలుగుసార్లు విన్నాను. తర్వాత మళ్లీ మొదటి నుంచి తిట్లన్నీ విన్నాను. ప్రతి తిట్టు అడుగునా అదే ఉంది. భయమేస్తే నువ్వు అరుస్తావు, నేను నోరు మూస్తాను. రోజుకు మూడు వందల బండలను వినే చెవికి ఒకే ఇంట్లో ఉన్న ఇంత పెద్ద సంగతి ఇన్నేళ్లూ వినపడలేదు. ఆ ఆశ్చర్యం నుంచి నేను ఇంకా తేరుకోలేదు.

ఇప్పుడు ఆ అబద్ధం సంగతి. దసరాకు ముందే ఇక్కడి డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందట, ఆలస్యం చేయకుండా కర్నూలు పొమ్మన్నాడు. ఆ ఫిల్ము బియ్యం డ్రమ్ము వెనక దాచాను. నువ్వు డాక్టరు పేరెత్తినప్పుడల్లా అదే కళ్ల ముందుకొచ్చి నోరు పెగిలేది కాదు.

ఆదివారానికల్లా వచ్చేయి, సోమవారం పోదాం. డాక్టరుతో నువ్వే మాట్లాడు. దారిలో ఎంత అరిచినా లేచిపోను. నడిచే బస్సులోంచి లేచి ఎక్కడికని పోతాను?

ఉత్తరం నీకు ముట్టిందని ఓబుళేశు చెప్పగానే నీ ఫోన్‌కు ఒక మెసేజ్ పంపుతాను. తొమ్మిదిసార్లు బటన్ నొక్కి, ఏమీ అనలేక తుడిచేశాను. పదోసారి కుదిరింది, పంపకుండా అట్లే ఉంచాను. మూడు సెకన్లే. సరిగ్గా వినపడకపోతే ఇక్కడ చదువుకో. "నాకు భయమైతాండాది. నువ్వు రా."

ఇట్లు,
నువ్వు గోడ అన్న నీ పెనిమిటి,
సోమన్న